మగ్గం మీద ఏడో పువ్వు

సంఘం పెట్టుకున్నవి ఎనిమిది దేశాలు. భుజం పడిపోయింది మాత్రం పోచంపల్లిలో వెంకటనర్సమ్మది.

ఈ మాట ఆమె వీధిలో ఎవరు అడిగినా అనేది, అడగకపోయినా అనేది. ఆ ఎనిమిది పేర్లూ ఆమెకు వరసగా వచ్చు. బడి మొహం చూడని మనిషి నోట భూటాన్, మాల్దీవులు పలకడం వినేవాళ్లకు వింతే కానీ, ఆమె వాటిని చదివి నేర్చుకోలేదు. ఆసు పోసి నేర్చుకుంది. ఆసు పోయడమంటే మేకులు బిగించిన చట్రం మీద దారాన్ని ఒక చేత్తో అటూ ఇటూ తిప్పుకుంటూ పోవడం. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు ఆడాలి. ఆసు మిషన్లు వచ్చిన ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు కాస్త తెరిపిన పడ్డాయి. వెంకటనర్సమ్మ ఇంటికి మిషను రాలేదు, సంఘం వచ్చింది.

అది 2016 ఎండాకాలం. ఆమె భర్త రాజం నేసిన బట్టొకటి ఢిల్లీ ప్రదర్శనలో ఎవరో పెద్దమనిషి కంట పడిందట. దాంతో ఢిల్లీలోని ఓ సర్కారు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు ఉత్తరం. వీధి చివర ఇంట్లో ఉండే సోషల్ సారు అశోక్‌కుమార్‌ను పిలిచి చదివించుకున్నారు. సారు మంచివాడే. కాకపోతే నోరు తెరిస్తే పాఠం, మూస్తే పరీక్ష.

"నర్సమ్మక్కా, గిది ఆషామాషీ ఆర్డర్ కాదు. సార్క్ అంటే మన చుట్టుపక్కల దేశాలన్ని కలిసి పెట్టుకున్న సంఘం. 1985ల ఢాకాల ఏడు దేశాలతోని మొదలైంది. పేదరికం తగ్గాలె, ఎవుసం, యాపారం, చదువుల ఒకరికొకరు ఆసరా కావాలె, ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరగాలె. గందుకు పెట్టుకున్నరు."

"నమ్మకం ఉంటెనే గద సారూ సంఘం పెట్టుకునేది? పెట్టుకున్నంక నమ్మకం పెరుగుతదా?" అంది వెంకటనర్సమ్మ.

సారు ఉత్తరంలోకి తల దించాడు. వచ్చే నవంబరులో ఇస్లామాబాదులో ఆ దేశాల పెద్దలందరి సభ. మన తరఫున కానుకగా తీసుకుపోవడానికి గోడకు వేలాడదీసే బట్ట కావాలి. నిలువునా ఒకే బట్ట, మధ్యలో అతుకు ఉండకూడదు. దేశానికొక పువ్వు చొప్పున ఎనిమిది పువ్వులు. వరస మాత్రం ఇంగ్లీషు అక్షరాల ప్రకారం ఉండాలి. ఆ లెక్కన, అందరికంటే చివర 2007లో వచ్చి చేరిన అఫ్గానిస్తాన్ మొదటి స్థానంలో కూర్చుంది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదేనని వెంకటనర్సమ్మ నవ్వింది. ఆ రోజుల్లో ఆమెకు ఇంకా నవ్వడానికి ఓపిక ఉండేది.

చిటికి పని తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. పోచంపల్లిలో పువ్వు మగ్గం మీద పుట్టదు. అంతకుముందే దారంలో పుడుతుంది. రంగు ఎక్కకూడని చోట దారాన్ని ముళ్లు వేసి బిగించి రంగులో ముంచుతారు, ఆరబెడతారు, ముళ్లు విప్పుతారు, మళ్లీ ఇంకోచోట కడతారు. అప్పుడు ఆ దారాలను మగ్గమెక్కిస్తే పొడుగు దారాల మచ్చా అడ్డదారాల మచ్చా కలిసినచోట రేకు కనిపిస్తుంది. ఒక్క పోగు వెంట్రుకవాసి జరిగినా రేకు చెదిరిపోతుంది. అంటే నేసేవాడికి చేతులకంటే ముందు కళ్లుండాలి.

మూడు నెలలు ఇల్లంతా ఆ పువ్వులే. అఫ్గాన్‌కు తులిప్ అని ఎర్రటి గిన్నెలాంటి పువ్వు. బంగ్లాదేశ్‌కు తెల్లకలువ. భూటాన్‌కు మంచులో పూసే నీలం పువ్వు. మనకు తామర. మాల్దీవులకు గులాబీ. నేపాల్‌కు ఎర్ర కొండపువ్వు. పాకిస్తాన్‌కు మల్లె. శ్రీలంకకు నీలికలువ. మల్లెకు దారం కడుతున్నప్పుడు వెంకటనర్సమ్మ చెయ్యి ఆగింది.

"మల్లె ఆళ్లదెట్లయితదయ్యా? మన గుమ్మంల పూస్తలేదా?"

"పువ్వుకేం తెలుసే, ఏ గుమ్మంల పూసేది," అన్నాడు రాజం. మాట తక్కువ మనిషి. ఏడాదికి రెండు మూడు మంచిమాటలు అంటాడు, అందులో ఇదొకటి.

పడుగును, అంటే పొడుగు దారాలను, వీధిలో పరిచిన పొద్దున పది ఇళ్లవాళ్లు వచ్చి వాటిని బిగించి ఉంచే గుంజలు పట్టారు. ఆ పని ఒక్కరివల్ల కాదు. అశోక్‌కుమార్ సారు కూడా పంచె ఎగ్గట్టి ఓ గుంజ పట్టుకుని, సంఘంలో కూడా ఏ తీర్మానమైనా అందరూ ఒప్పుకుంటేనే అవుతుందనీ, ఒక్కరు వద్దన్నా ఆగిపోతుందనీ, ఇద్దరి మధ్య కొట్లాటలను సభలో తీయకూడదని మొదట్లోనే రాసుకున్నారనీ చెప్పాడు.

"కొట్లాట ముచ్చట తియ్యకుంటే కొట్లాట పోతదా సారూ?" అంది వెంకటనర్సమ్మ, గుంజ సర్దుతూ. "గదే తియ్యనియ్యకుంటే లోపల్నే మురుగుతది."

ఆమె నోటికి శక్తి ఉందో లేదో కానీ, సెప్టెంబరు చివరలో అంతపనీ అయింది. సరిహద్దులో దాడి జరిగింది, సైనికులు చచ్చిపోయారు, మనవాళ్లు సభకు రామన్నారు, ఇంకొన్ని దేశాలు మేమూ రామన్నాయి. ఆ వారం రాజం మగ్గం మీద ఆరు పువ్వులు పూర్తయి, ఏడోదానికి రెండు వేళ్ల మందం తెల్లటి రేకు తేలింది. గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న రాజం దగ్గరికి సారు ఉరుకుతూ వచ్చాడు. ఢిల్లీ ఆఫీసుకు ఫోన్ చేశాడట.

"రాజమన్నా, ఆపు. సభ లేదు."

"రద్దయిందా?" అంది వెంకటనర్సమ్మ.

"రద్దు కాదక్కా, వాయిదా. బట్టను అట్లనే ఉంచుమన్నరు. మల్ల తారీఖు చెప్తరట."

రాజం అడ్డదారం నడిపే నాడెను పక్కన పెట్టి కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. ఇంత కష్టం నేలపాలైందని దేవుడికి మొర పెట్టుకుంటున్నాడనుకుంది వెంకటనర్సమ్మ. ఆమెకు ఏడుపొచ్చింది.

అదిగో, ఆ వాయిదా అనే మాట ఆ ఇంట్లో మూడేళ్లు కాపురం చేసింది.

రద్దంటే రద్దు. కోసి అవతల పడేసి, ఏడ్చి, మొహం కడుక్కుని ఇంకో పడుగు ఎక్కించుకోవచ్చు. వాయిదా అలాంటిది కాదు. చావదు, బతకదు. వచ్చే ఏడు అన్నారు, ఆ పై ఏడు అన్నారు. ఖాట్మండూలో సంఘం ఆఫీసు నడుస్తూనే ఉందని, జెండాలు ఎగురుతూనే ఉన్నాయని, ప్రతి డిసెంబరు ఎనిమిదిన పుట్టినరోజు కూడా చేస్తారని సారు చెప్పాడు. సభ ఒక్కటే జరగదు. 'మొగుడూ పెండ్లాలు పలుకరు గని పెండ్లిరోజు మాత్రం చేస్కుంటరన్నట్టు' అని వెంకటనర్సమ్మ తనలో తనే గొణుక్కుంది.

వీధిలో ఎగతాళి మొదలైంది. "రాజం మగ్గం పాకిస్తాన్‌ల ఆగింది" అని ఒకడు, "మగ్గం పాస్‌పోర్ట్ అడుగుతాందట" అని ఇంకొకడు. వాళ్ల మాటలకంటే వెంకటనర్సమ్మకు వేరే బాధ ఉండేది. ఊడ్చేటప్పుడు మగ్గం వెనక దారం చుట్టిన కడ్డీ వైపు చూసేది. మల్లె కనీసం రెండు వేళ్లు బయటపడింది. శ్రీలంక నీలికలువ మాత్రం చుట్టలోనే ఉండిపోయింది. ఎవరితో కొట్లాడిందని దానికి ఈ జైలు?

ఇంట్లో ఉన్నది ఒక్క పెద్ద గది, దానిలో ఒక్క గుంత, దాని మీద ఒక్క మగ్గం. ఆ మగ్గం నిండా ఆగిపోయిన బట్ట. పడుగును అలాగే లేపి మూల పెట్టొచ్చు కదా అంటే రాజం ఒప్పుకోడు. చిటికి పడుగు ఒకసారి కదిలితే మళ్లీ కుదురుకోదంటాడు. అతను ఊళ్లో ఓ సేటు మగ్గాల షెడ్డుకు పనికి పోవడం మొదలుపెట్టాడు. అక్కడైనా నేస్తున్నాడా అంటే అదీ లేదు, రంగుల కాగుల దగ్గర దారాలు ముంచే పని. నలభై ఏళ్లు నేసిన చెయ్యి నీలంగా, ఎర్రగా ఇంటికి వస్తుంటే ఆమె ఊరుకునేది కాదు.

"నేసేటోనివి, గా కాగుల కాడ నీకేం పని?"

"ఏదైతేంది, పని పనే," అనేవాడు. పేపరు చదవడం కూడా మానేశాడు. దాంట్లో ఏముందని అడిగేవాడు. నిజమే, దాంట్లో ఏముంది అనుకునేది ఆమె.

సుచరిత వీళ్లకు ఒక్కతే కూతురు. డిగ్రీ చదివింది, మగ్గం పని తండ్రి పక్కన కూర్చుని నేర్చింది. కానీ నేయడానికి మగ్గమేది? పొద్దున్నే బస్సెక్కి హైదరాబాదులో చీరల దుకాణంలో నిలబడే పనికి పోయేది. రోజంతా చీరలు విప్పడం, మడవడం. కుర్చీ ఉండదు. పైగా అక్కడ అమ్మేవాటిలో సగం పోచంపల్లి పువ్వుల్ని అచ్చు గుద్దిన మిల్లు బట్టలు. తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల కాళ్లు కడవల్లా వాచేవి. తల్లి వేడినీళ్ల తొట్టి ముందు పెట్టేది.

2019లో వానలు తగ్గే వేళ సుచరితకు ఒక దారి దొరికింది. తను గీసిన చీర డిజైను ఒక బట్టల సంస్థవాళ్లకు నచ్చింది. మొదటి చీర దసరాకల్లా చేతికొస్తే ఇక ఏడాదంతా తనకే పని ఇస్తామన్నారు. ఇంట్లో కూర్చుని నేసుకోవచ్చు. షెడ్డుల్లో మగ్గాలు సేట్ల పనికే చాలవు, బయటి పనికి ఎవరూ ఇవ్వరు. కావాల్సింది ఈ ఒక్క మగ్గమే. దసరాకు ఇంక నెలన్నర కూడా లేదు.

"బాపూ, నువ్వు 'ఊ' అంటే ఎల్లుండి నా పడుగు పరుస్త," అంది.

రాజం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "వాయిదా బిడ్డా. ఇచ్చిన మాట ఉన్నది."

"ఎవ్వలకిచ్చినవ్ మాట?" వెంకటనర్సమ్మ లేచింది. "ఆళ్లకు నీ పేరన్న తెలుసా? ఎనిమిది దేశాలు ఒక్క తాన కూసునుడు ఎట్లనో ఆళ్లకే తెల్వది. నా బిడ్డ మాత్రం దినాం నిలవడాలె!"

ఆమె అక్కడ ఆగలేదు. కొంగు దోపుకుని నేరుగా సారు ఇంటికి పోయింది. ఆ పూటే ఢిల్లీకి ఫోన్ చేయమని కూర్చుంది. సారు స్పీకరు పెట్టాడు. అవతల ఎవరో కొత్తమ్మాయి, హిందీలో, చాలా మర్యాదగా మాట్లాడింది. ఫైలు వెతుకుతానంది, లైన్లో ఉండమంది, పాట వినిపించింది. చివరికి చెప్పింది. ఆ పని రద్దయినట్టు ఎక్కడా రాసిలేదట, కావాలనీ ఎవరూ అడగలేదట. ఎవరినడగాలో కూడా తనకు తెలియదట.

"మరి బట్ట?" అంది వెంకటనర్సమ్మ. సారు దాన్ని హిందీలో అడిగాడు.

ఆ పిల్ల "మీ ఇష్టం అమ్మా" అంది.

మూడేళ్లలో ఢిల్లీ నుంచి వచ్చిన పనికొచ్చే మాట అదొక్కటే. వెంకటనర్సమ్మ ఇంటికి వచ్చి కత్తెర తీసింది. అది మంగళవారం, సుచరితకు సెలవు. రాజం షెడ్డుకు పోకుండా ఇంట్లోనే ఉన్నాడు.

"సూడు, నీకు నేనొక్క మాటిస్త," అంది. "నువ్వు గిప్పుడు గుంతల కూసోని గీ రెండు పువ్వులు ముగిస్తనంటే, పది దినాలాగుత. పువ్వులు ముగిసినంక బిడ్డ పడుగెక్కిద్దాం. అట్లయితే నేను కొయ్యను. నెయ్యనంటే గిప్పుడే కోస్త. వాయిదా మాటెత్తితే మంచిగుండదు."

రాజం లేచాడు. గోడను తడుముకుంటూ వచ్చి గుంతలో కాళ్లు దించాడు. మూడేళ్ల దుమ్మును తుండుగుడ్డతో తుడిచాడు. నాడె విసిరాడు. చప్పుడు వినగానే వెంకటనర్సమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ చప్పుడు లేక ఇల్లు ఎంత ఖాళీ అయిందో అప్పుడు తెలిసింది.

నాలుగు వేళ్లు నేశాడు. సుచరిత దగ్గరికి వచ్చి వంగి చూసి, తల్లి వైపు తిరిగింది. వెంకటనర్సమ్మ కూడా వంగింది. మల్లె రేకులు కలవలేదు. తెలుపు ఓ పక్కకు, దాని చుట్టూ ఉండాల్సిన ఆకుపచ్చ ఇంకో పక్కకు. నిరుడు నేర్చుకున్న పిల్లలు కూడా అంత తప్పు చేయరు. రాజం మాత్రం దించిన తల ఎత్తకుండా, ఏమీ తేడా లేనట్టే నేసుకుంటూ పోతున్నాడు.

"బాపూ, పోగు జరిగింది," అంది సుచరిత మెల్లగా.

అతని చేతులు ఆగాయి. "ఏ పక్కకు?"

ఏ పక్కకని రాజం ఎవరినైనా అడగడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"నీకు కనవడ్తలేదా?" అంది వెంకటనర్సమ్మ.

"పోగులు కనవడక మూడేండ్లయింది." అతను మగ్గంతో చెబుతున్నట్టు చెప్పాడు. "తామర పువ్వప్పుడే మసక మొదలైంది. గా నేపాల్ పువ్వు యాది మీద నేసిన. గీ మల్లె కాడికొచ్చేసరికి చాతగాలె. ఏ దినం తప్పు పోతదో, ఏ దినం బయటపడ్తదో అని పానం గుప్పిట్ల పెట్టుకొని కూసున్న. గప్పుడే సారొచ్చి సభ ఆగిందన్నడు. నేను దేవునికి దండం పెట్టిననే. అక్కడ మనోళ్లు సచ్చిపోయిన్రు, నేనిక్కడ బతికిన అనుకున్న. గంత పాపిష్టోన్ని."

వెంకటనర్సమ్మ కత్తెర పట్టుకునే గుంత అంచున కూర్చుంది. కోపమూ, జాలీ, సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. మూడేళ్లు ఒకే గిన్నెలో వండి పెట్టి, ఒకే కప్పు కింద పడుకుని, మొగుడి కళ్లలో చూపు లేదని కనిపెట్టలేకపోయింది. ఢిల్లీని తిట్టింది, దేశాలను తిట్టింది. ఎదురుగా ఉన్న మనిషి మొహంలోకి సరిగా చూడలేదు.

"దవాఖానకెందుకు పోలేదయ్యా? మూడేండ్లు!"

"పోతే ఆళ్లు ఏదో ఒకటి చెప్తరు గదా. సూపు ఇగ రాదంటే రద్దే. పోకుంటే వాయిదా."

సుచరిత మొహం పక్కకు తిప్పుకుంది. వెంకటనర్సమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. భుజం కలుక్కుమంది. ఇప్పుడు కోయాలంటే ఆమెకే చెయ్యి రావడం లేదు. ఆ దారాల్లో ప్రతి పోగూ ఆమె చేతిమీదుగా పోయింది. సుచరిత తల్లి చేతిలో కత్తెర చూసి, "వద్దమ్మా, నేనే నేసి ముగిస్త" అంది.

"నీ చీరెప్పుడు నేస్తవ్?"

"తర్వాత సూద్దాం."

"తర్వాత లేదు బిడ్డా. గా మాట ఇంట్ల ఇంక వినవడద్దు."

రాజం గుంతలోంచే చేతులు చాచి, పడుగు దారాలను మెల్లగా కూడగట్టి రెండు పిడికిళ్లతో పట్టుకున్నాడు. బిగువు ఒక్కసారి తెగితే దారాలు చెదిరి చిక్కుపడతాయని అతని చేతులకు తెలుసు. "నేను పట్టుకుంట, నువ్వు కొయ్యి," అన్నాడు.

ఆమె కోసింది. ఒక్కసారిగా కాదు, నాలుగైదు గాట్లలో. ఆరు పువ్వులూ, వంకరపోయిన సగం మల్లెపువ్వూ ఒక పక్క, విప్పుకోని నీలికలువ ఇంకో పక్క విడిపోయాయి. రాజం పిడికిళ్లు విప్పాడు. సుచరిత బట్టను చుట్టి లోపల పెట్టి, అప్పుడే వీధిలోకి పోయి ఎల్లుండి పొద్దున గుంజలు పట్టడానికి రమ్మని ఇల్లిల్లూ చెప్పడం మొదలుపెట్టింది.

ఖాళీ మగ్గం ముందు మొగుడూ పెళ్లాలిద్దరే మిగిలారు.

"నల్గొండల కండ్ల డాక్టరున్నడట. రేపు పోదాం," అంది వెంకటనర్సమ్మ.

"ఇగ రాదంటే?"

"రాదంటే రాదని తెలుస్తది."

రాజం గుంతలోంచి పైకి లేవడానికి ఆమె వైపు చెయ్యి చాచాడు. రేపటికి ఉతికిన అంగీ ఉందా అని అడిగాడు.